కొందామా, ఆగుదామా

మా నాయనను ఒకే ఒక్క ప్రశ్న అడగడానికి ధర్మవరంలో జనం మా ఇంటిదాకా వచ్చేవాళ్లు. పొద్దున కాఫీ కాగానే తెల్లచొక్కాకు మెడదాకా గుండీలు పెట్టుకుని ఆయన వీధి అరుగు మీద కూర్చునేవాడు. మగ్గాల పనికి పోయేవాళ్లు సైకిలు ఆపి, ఒక కాలు అరుగుకు ఆనించి, "అన్నా, నూలు ఇప్పుడు కొందామా, ఆగుదామా?" అని అడిగేవాళ్లు. ఆయన వెంటనే చెప్పేవాడు కాదు. ఆకాశం చూసేవాడు. మీసం సవరించుకునేవాడు. పట్టునూలు ధర ఆకాశంలో ఎవరు రాసిపెట్టారని నాకు చిన్నప్పుడే నవ్వొచ్చేది. మా ఆకాశం వాన సంగతే సరిగ్గా చెప్పదు, ఇంక నూలు సంగతి చెబుతుందా?

కానీ ఆయన "కొనుక్కోప్పా" అంటే కొనేవాళ్లు. "శ్రావణం దాకా ఓర్చుకో" అంటే ఓర్చుకునేవాళ్లు. నూలు వ్యాపారం మానేసి చాలా ఏళ్లయినా ఆ ప్రశ్న మాత్రం మా అరుగు దగ్గరికి వస్తూనే ఉండేది. మోకాళ్లు పోయాయి, కళ్లలో శుక్లాలు వచ్చాయి, ఆయన ఈడు వ్యాపారులు ఒక్కొక్కరే కొట్లు ఎత్తేశారు. ఒకరోజు ఎవరూ వచ్చి అడక్కపోతే ఆయనకు మధ్యాహ్నం అన్నం సహించేది కాదు. అమ్మ పోయాక ఆయన పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కునేది ఆ ప్రశ్న కోసమేనని నాకు తెలుసు. అందుకే ఎంత ఎగతాళి చేసినా, ఎవరైనా సైకిలు ఆపగానే నేను మాట్లాడడం ఆపేసేదాన్ని.

నాది కంప్యూటర్ల అంగడి. అరుగు పక్కనే ఉన్న ముందుగదిలో పెట్టుకున్నాను. ఒకప్పుడు ఆయన నూలు కొట్టు అదే. పెళ్లయ్యాక కూడా నేను ఈ ఇల్లు వదల్లేదు. మా ఆయనకు రైల్వేలో పని, వారంలో సగం రోజులు బండి మీదే గడిచిపోతాయి. అల్మరాల చెక్కలకు ముడిపట్టు వాసన ఇంకా ఉంది. కొత్త కీబోర్డు డబ్బా విప్పినా మా అంగడిలో ముందు పట్టు వాసనే వస్తుంది.

నా దగ్గరికి వచ్చేది పెళ్లి వీడియోలు తీసే స్టూడియోవాళ్లు, చీరల డిజైన్లు కంప్యూటర్లో గీసేవాళ్లు, ఆటల పిచ్చి పట్టిన ఇంజనీరింగ్ పిల్లలు. వీళ్లందరికీ కావాల్సింది గ్రాఫిక్స్ కార్డు. కంప్యూటర్ లోపల కూర్చుని తెర మీద బొమ్మ గీసేది అదే. చూడ్డానికి ఫ్యాన్లు బిగించిన పలకలా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. మా అంగడికి వచ్చేవి రెండు కంపెనీలవి. ఆ పేర్లు నాయనకు నోరు తిరగవు కాబట్టి మా ఇంట్లో ఒకటి నల్లడబ్బా, రెండోది తెల్లడబ్బా. అలవాటైపోయి నేనూ అవే పేర్లు పిలుస్తాను.

కరోనా తర్వాత ఈ కార్డులకు పెద్ద కరువొచ్చింది. బెంగళూరులో కూడా దొరకలేదు. దొరికినవాటికి పూటకొక ధర. అల్మరాలో మూల పడి ఉన్న పాత నల్లడబ్బా ఒకటి, నేను కొన్నదానికంటే బాగా ఎక్కువిచ్చి ఒక స్టూడియో అతను బతిమాలి తీసుకుపోయాడు. అరుగు మీద కూర్చుని నాయన ఇదంతా చూశాడు. ఆయన కళ్లకు మనుషులు మసకగా కనిపిస్తారు గానీ ఎక్కే ధర మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

"ఇది గూడా మన నూలు మాదిరే ఉండాదే పాపా" అన్నాడు.

ఆరోజు ఆ మాట నాకు ముద్దొచ్చింది. వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వాను.

ఆ కరువు తీరింది. తెల్లడబ్బావాళ్లు కొత్త కార్డు తెచ్చి, నల్లడబ్బా కన్నా తక్కువ ధరకు పెట్టారు. నెల తిరక్కుండా నల్లడబ్బావాళ్లు తమ ధర కోశారు. బెంగళూరు డీలరు రోజూ పొద్దున్నే ఫోనుకు ధరలు పంపుతాడు. నేను వాటిని పైకి చదువుకునే అలవాటు. ఆ పొద్దున నేను చదువుతుంటే అరుగు మీద నాయన నిటారుగా కూర్చున్నాడు.

"ఇదే అదను. కొని పెట్టల్ల" అన్నాడు.

"వద్దు నాయనా. వాళ్లిద్దరికీ పంతం పడింది. ఇంకా తగ్గుతుంది."

"తగ్గినప్పుడు గాక పెరిగినాక కొంటారా ఎవరైనా?"

జీవితమంతా ఆయన చేసిన వ్యాపారం అదే. బయటిదేశం పట్టు వచ్చి పడినప్పుడు నూలు ధర దిగుతుంది. అందరూ బెదిరి ఉన్నది అమ్ముకుంటారు. ఆయన మాత్రం గది నిండా కొని, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, అరుగు మీద కూర్చునేవాడు. పెళ్లిళ్ల కాలం రాగానే తలుపు తీసేవాడు. చెమ్మా ఎలుకా తగలకుండా చూసుకుంటే పట్టుకు ఏమీ కాదు. గ్రాఫిక్స్ కార్డు అలా కాదని చెప్పాను. కొత్తది రాగానే పాతదాన్ని ఎవరూ తాకరని, డబ్బాలో ఉండగానే అది ముసలిదైపోతుందని చెప్పాను.

"డబ్బా విప్పకుండానే ఎట్ల ముసలిదైతాది?" అని అడిగాడు. వెక్కిరించడానికి కాదు, నిజంగానే అడిగాడు.

రెండురోజుల తర్వాత నేను అంగట్లో లేనప్పుడు బెంగళూరు డీలరుకు ఫోను చేశాడు. ఆయన కన్నడం నా కన్నడం కన్నా వంద రెట్లు మేలు. ఆ డీలరు ఎంత మురిసిపోయాడో, మరుసటి సాయంత్రానికి పెద్ద అట్టపెట్టె బస్సులో దిగింది. నిండా నల్లడబ్బాలు.

"నన్నొక మాట అడగల్ల కదా నాయనా! అంగడి నాది కదా!" అని అరిచాను.

"అంగడి నీది. గది నాది" అన్నాడు. అని, డబ్బాలన్నీ తనే అల్మరాలో పేర్చాడు. ఒకప్పుడు నూలు కట్టలు పేర్చినట్టే, ఒకదాని అంచుకు ఒకటి సరిగ్గా ఆనించి పేర్చాడు. కోపంగా ఉన్నా కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. చాలా రోజుల తర్వాత ఆ చేతులకు పని దొరికింది.

ఇంక ధర దిగడం మొదలైంది. తెల్లడబ్బా దిగింది. దాని మీద పంతంతో నల్లడబ్బా దిగింది. మళ్లీ తెల్లడబ్బా ఇంకొక కొత్త కార్డు తెచ్చింది, అది ఇంకా బాగుంది, ఇంకా తక్కువ. ఇంజనీరింగ్ పిల్లలు వచ్చి అల్మరా చూసి, "ఇవి పాతవి కదక్కా" అని వెళ్లిపోయేవాళ్లు. నష్టానికైనా సరే ఇప్పుడే అమ్మేద్దామంటే నాయన వినలేదు. నేను భోజనానికి లోపలికి వెళ్లినప్పుడు ఆయనే అంగట్లో కూర్చుని, వచ్చినవాళ్లకు కొన్న ధరే చెప్పేవాడు. ఆన్‌లైన్లో ఇంత తక్కువకు ఉందని ఫోను చూపిస్తే, "అట్లయితే ఆడనే కొనుక్కోప్పా" అనేవాడు. వాళ్లు అక్కడే కొనుక్కునేవాళ్లు.

"ఎన్నాళ్లు తగ్గిస్తారు?" అని నన్ను ఓదార్చేవాడు. "నువ్వు చూసినావు కదా. మన వీధిలో ఇద్దరు నూలోళ్లు పంతాలకు పోయి రేటు కోసుకుంటా పోతే ఏం చేస్తాంటిమి?"

చూశాను. మా అరుగు మీదే చూశాను. ఇద్దరినీ పిలిచి, చెరొక పక్క కూర్చోబెట్టి, అమ్మతో కాఫీ పెట్టించేవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా తాగేవాళ్లు. గ్లాసులు కింద పెట్టేసరికి ధర కుదిరిపోయేది. ఆ కాఫీ తాగాక మాట తప్పినవాడితో బజారులో ఎవరూ లావాదేవీ పెట్టుకునేవాళ్లు కాదు.

"వీళ్లకు కాఫీ ఎవరిస్తారు నాయనా? సముద్రాల అవతల ఉన్నారు."

"యాడున్నా మనుషులే కదా. వాళ్లకొక పెద్దమనిషి ఉండడా?"

లేడని చెప్పాను. కొనేవాళ్లకు అదే మంచిదని, అలా ధర కుదుర్చుకోవడం అక్కడ నేరమని కూడా చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. పెద్దమనిషి లేని బజారు ఉంటుందంటే ఆయన ఎలా నమ్ముతాడు?

ఆ సమయంలో నాకు డెంగీ జ్వరం వచ్చింది. లేవలేకపోయాను. అంగడి నాయన చూసుకున్నాడు. తలుపు చాటునుంచి మాటలు వినిపించేవి గానీ ఏమిటో తెలిసేది కాదు. కాళ్లలోకి బలం వచ్చి అంగట్లోకి పోయేసరికి అల్మరా ఖాళీగా ఉంది. ఒక్క నల్లడబ్బా లేదు.

"అమ్మినా" అన్నాడు. "కొన్న రేటుకే."

"ఎవరికి?"

"కావల్సినోళ్లకు."

నేను నాయన చేతులు పట్టుకుని నవ్వేశాను. నా చదువు, నా ధరల లెక్కలు అన్నీ ఈయన ముందు ఎందుకూ పనికిరావనుకున్నాను. ఆయన మీసం సవరించుకున్నాడు.

మా వీధి చివర ఒకామె ఉంది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుందంటే మళ్లీ అన్నం వేళకే లేస్తుంది. నాయనను అన్నా అంటుంది కాబట్టి నాకు అత్త. బతుకంతా ఇతరులకు కూలికే నేసింది. తన నూలు తానే కొనుక్కుని, తన పేరు మీద ఒక్క చీరైనా నేయాలని ఆమెకు చాలా ఏళ్లుగా ఆశ. ఒళ్లు కుదుటపడ్డాక, ఒక చీరకు కుచ్చులు వేయించడానికి వాళ్లింటికి పోయాను.

దేవుడి గూట్లో పటాల పక్కన నల్లడబ్బా ఉంది. అంచులకు పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, కనకాంబరాల మూర చుట్టి ఉంది.

"ఏం పాపా, రేటు లేసినాదా?" అని అడిగింది అత్త.

ఏమీ అర్థం కానట్టు నిలబడ్డాను. కానీ అంతా అర్థమైంది.

"అన్న చెప్పినాడు, శ్రావణానికి లేస్తాదంట. నూలుకని పెట్టుకున్న దుడ్లు ఇచ్చి తెచ్చుకుంటి. లేసినాక అమ్మితే రెండు చీరలకు నూలొస్తాది."

"ఇది ఏం చేస్తుందో తెలుసా అత్తా?"

"నాకెందుకు తెలియల్ల? అన్నకు తెలుసు కదా" అంది. అని, చీర చెంగుతో డబ్బా మీద లేని దుమ్ము తుడిచింది.

ఇంటికొచ్చి నాయనను నిలదీశాను. నేను అరుస్తుంటే ఆయన అరుగు మీదనుంచి కదల్లేదు.

"మోసం చేసినానా? నూలప్పుడు ఎట్ల చెప్తాంటినో అట్లనే చెప్పినా. పడిపోయి ఉండాది, కొని పెట్టుకోండి, లేస్తాది అంటి. నీ అంగడి నిలబడుతాది, వాళ్లకూ నాలుగు దుడ్లు వస్తాయి. తప్పేముండాది?"

మోసం చేసి ఉంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. ఆయన నమ్మి చెప్పాడు. వాళ్లు నమ్మి కొన్నారు. ఏడుపొచ్చింది. ఫోను తీసి ఆ కార్డు ధర చదివాను. మళ్లీ చదివాను. అది ఇంక లేవదని, కొన్నాళ్లకు ఊరికే ఇచ్చినా తీసుకునేవాళ్లుండరని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాను.

ఆయన మెల్లగా అడిగాడు: "వాళ్లు ఇంకా కాఫీ తాగలేదా?"

మరుసటి రోజునుంచి నేను నాయన మాట మీద కొన్నవాళ్ల ఇల్లిల్లూ తిరిగాను. ఎవరి డబ్బు వాళ్లకు ఇచ్చేసి డబ్బాలు వెనక్కి తెచ్చుకున్నాను. ఆ దెబ్బకు అంగట్లో కొత్త సరుకు పెట్టడానికి ఏమీ మిగల్లేదు. పాత కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతకొచ్చులే అనుకున్నాను, బతుకుతున్నాను కూడా. నాకు అది కాదు బాధ. డబ్బా చేతిలో పెడుతూ ఒక ముసలాయన, "పెద్దాయన మాట గూడా తప్పుతాదా పాపా?" అన్నాడు. నిష్ఠూరంగా అని ఉంటే బాగుండేది. నేనే ఏదో పొరపాటు పడ్డానన్నట్టు, నన్ను చూసి అన్నాడు. ఆ మాట నాకన్నా ముందే వీధంతా తిరిగి మా ఇంటికి చేరింది.

అత్త మాత్రం ఇవ్వనంది. "రేటు లేసినప్పుడు ఇస్తాలే. అన్న చెప్పినాడు కదా, నీకేం తొందర?" అంది. నేను డబ్బులు మగ్గం మీద పెట్టి వచ్చేస్తే, సాయంత్రానికి వాటిని తెచ్చి మా అరుగు మీద పెట్టి పోయింది.

ఆ తర్వాత సైకిళ్లు మా ఇంటి ముందు ఆగడం మానేశాయని చెప్తే అబద్ధమవుతుంది. ఆగేవి. "కాఫీ అయిందా అన్నా?", "మోకాలు ఎట్ల ఉండాది?", "ఎండ ముదిరినాది, లోపలికి పోరాదా?" అని అడిగేవాళ్లు. అన్నీ అడిగేవాళ్లు, ఆ ఒక్కటి తప్ప. నాయన మీసం దగ్గరికి చెయ్యి పోనిచ్చి, ప్రశ్న రాకపోయేసరికి దించేసుకునేవాడు. నేను అంగట్లోంచి చూసేదాన్ని. పోయి వాళ్లను పట్టుకుని, ఒక్కసారి అడగండప్పా, మీ సొమ్మేం పోతుంది అని తిట్టాలనిపించేది. కానీ సొమ్మే కదా పోతుంది. వాళ్ల తప్పేముంది?

అడిగేది అత్త ఒక్కతే. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడల్లా బిందె తీసుకుని మా ఇంటి ముందు నుంచే పోతుంది. పోతూ పోతూ, "అన్నా, రేటు?" అంటుంది. అదీ నూలు రేటు కాదు. ట్యాంకరు హారను వినపడగానే నాయన లేచి లోపలికి పోవడం మొదలుపెట్టాడు. అడిగేవాళ్ల కోసం ఎదురుచూసిన మనిషి, మిగిలిన ఒక్కరికి భయపడి దాక్కునేవాడు. అప్పుడు నేను బయటికొచ్చి, "లేదత్తా, ఇంకా లేదు" అనేదాన్ని. "సరే, ఆగుదాం" అని పోయేది. ఆ 'ఆగుదాం' విన్నప్పుడల్లా నాకు ఆమె మీద, నాయన మీద, సముద్రాల అవతలి ఆ రెండు కంపెనీల మీద, నా మీద కూడా ఒళ్లు మండేది.

శ్రావణం వచ్చింది. వాన రాలేదు, గాలి మాత్రం వచ్చింది. ఆ గాలికి లేచిన ఎర్రదుమ్ము కంప్యూటర్ల ఫ్యాన్లలో దూరుతుంది. ఒక స్టూడియోవాళ్ల కంప్యూటర్ విప్పి దుమ్ము ఊదుతున్నాను. హారను వినిపించింది. నాయన చెప్పుల చప్పుడు కోసం చెవి పెట్టాను. వినపడలేదు. ఊదే యంత్రం ఆపి వాకిట్లోకి చూశాను. ఆయన అరుగు మీదే ఉన్నాడు.

"అన్నా, శ్రావణం వచ్చె. రేటు ఎట్ల ఉండాది?"

ఆయన ఆకాశం చూడలేదు. మీసం మీద చెయ్యి వేయలేదు. ఆమె మొహం చూశాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు.

అత్త నవ్వింది. పెద్దాయన వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. "అట్లంటే ఎట్లన్నా? ఇంకా ఆగుదామా?"

"ఆగుదామంటే ఏం చెప్పల్ల తల్లీ? నూలు తెలుసు నాకు. ఇది తెలీదు. తెలుసనుకుని చెప్పినా. అది ఇంక లేయదు."

ఆమె చేతిలో బిందె అలాగే ఉండిపోయింది. ట్యాంకరు దగ్గరికి కూడా పోకుండా, ఖాళీ బిందెతోనే వెనక్కి నడిచింది. నాయన గుండీలు పెట్టుకున్న చొక్కాతో అలాగే కూర్చున్నాడు. నేను ఆపిన యంత్రం మళ్లీ వేసి దుమ్ము ఊదడంలో పడ్డాను.

మరుసటి పొద్దున ఆమె వచ్చింది. డబ్బాను రెండు చేతులా పట్టుకుని తెచ్చి, నాయన పక్కన అరుగు మీద పెట్టింది. నేను లోపలినుంచి డబ్బులు తెచ్చి చేతిలో పెట్టాను. చూడకుండానే కొంగున ముడేసుకుంది.

"కోపం లేదన్నా" అంది. "నీకే తెలీదంటే ఇంక నేను ఎవరిని అడగల్ల?"

ఆయన తల ఎత్తలేదు. ఆమె వెళ్లిపోయింది. ఆయన డబ్బాను తాకలేదు. నేనే తీశాను. నా వేళ్లకు ఎర్రగా అంటింది. డబ్బా మీద కుంకుమ బొట్టు ఇంకా తడిగా ఉంది. ఆ పొద్దున పెట్టిందే.